చూడవలసినవి ఉంచండి, చేయవలసినవి కొట్టేయండి

తూర్పుపాలెం, దర్శి దగ్గర
9 ఏప్రిల్ 1986

గుంటూరు హయాత్ టూర్స్ యజమాని హయాత్ గారికి,

మిరపకోతల ముఠా మేస్త్రి కోటిరత్నం వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నడుములు తప్ప.

దర్శి బస్టాండులో పకోడీలు కొంటే మీ కరపత్రంలో చుట్టి ఇచ్చారు. నూనె మరక పడని చోటల్లా చదివాను. "విశాల భారతదేశంలో సెలవుల్లో చూడవలసినవి, చేయవలసినవి" అని వేశారు. మిషను స్కూల్లో ఐదు దాకా చదివాను కాబట్టి ముఠాకంతటికీ చదివి వినిపించాను. సెలవంటే ఏమిటని సంతోషకుమారి అడిగింది. పనికి రాకపోయినా ఎవరూ తిట్టని రోజు అని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

మాది నలభైమంది ఆడవాళ్ల ముఠా. కలుపుతో మొదలుపెట్టి, పత్తి తీసి, మిరపకాయలు కోసేసరికి ఏడాది అయిపోతుంది. కొన్నేళ్లుగా కోతల ఆఖరి రోజు కూలి ఎవరి చేతికీ ఇవ్వకుండా పాస్టరమ్మగారి దగ్గర దాస్తున్నాం. ఈ మే నెలలో దాంతో దేశం చూడాలని తీర్మానించాం. మగవాళ్లు రారు. వాళ్లొస్తే వడ్డించాలి, అది మళ్లీ పనే.

మాకు కావలసింది ఒక్కటే. ప్రయాణంలో మా కంటికి పని కనబడకూడదు. పత్తిచేలు, మిరపచేలు ఉన్న దారిన బస్సు పోనివ్వకండి. మీ కాగితంలో చూడవలసినవన్నీ ఉంచండి, చేయవలసినవన్నీ కొట్టేయండి. చేసి చేసే ఇలా అయ్యాం.

ఇంకో సంగతి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. సాలు పట్టి వంగిన మనిషి గట్టు వచ్చేదాకా నడుమెత్తకూడదు. గట్టు చేరాక నిలబడి, నీళ్లు తాగి, కాసేపు కూర్చోవచ్చు. మాలో అందరికంటే పెద్దది ప్రేమమ్మ. పరికిణీ కట్టే వయసు నుంచి వంగే ఉంది. మొన్న చేలో నన్ను అడిగింది: "ఏమే కోటిరత్నం, ఈ దేశానిక్కూడా ఏడో ఒక చోట గట్టుంటది గదా? ఆడికి తీసకపోవే. ఒక్కసారి నడుమెత్తి కూకుంటా."

మీ కాగితంలో కన్యాకుమారి దగ్గర నేల అయిపోతుందని ఉంది. అదే మా గట్టు. మిగతావి మీ ఇష్టం.

ఇట్లు
కోటిరత్నం

తా.క. నలభైమంది ఆడవాళ్లు ఎక్కడ తప్పిపోతారోనని భయపడకండి. నా మెళ్లో ఎప్పుడూ ఈల ఉంటుంది. మా స్కూలు డ్రిల్లు మాస్టారు రిటైరవుతూ ఇచ్చారు. ఒకసారి ఊదితే సాల్లోకి దిగుతారు, రెండుసార్లు ఊదితే గట్టెక్కుతారు. దాని మాట కాదన్న మనిషి మా ముఠాలో లేదు.

*

అరండల్‌పేట, గుంటూరు
17 ఏప్రిల్ 1986

గౌరవనీయులైన శ్రీమతి కోటిరత్నమ్మగారి సముఖమునకు,

హయాత్ టూర్స్ అధినేత హయాత్ వినయపూర్వక నమస్కారములు. తమరి ఉత్తరం అందినది. పకోడీల ద్వారానైనా మా కరపత్రం తమ చేతికి చేరినందుకు ధన్యులం.

తమరు మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. చేయవలసినవి అంటే పనులు కావు, ఆనందాలు. బోటు షికారు, గుర్రపు స్వారీ, ఎత్తయిన చోట నిలబడి ఆహా అనడం వగైరా. ఇవి కొట్టేస్తే టూరులో మిగిలేది బస్సే. కనుక ఉంచాను. తమరు క్రైస్తవులు కాబట్టి గుళ్లు తీసివేసి, వాటి స్థానంలో దారి పొడుగునా చర్చిలు చేర్చాను. ఇందుకు అదనపు ఛార్జీ లేదు.

పట్టణం కస్టమర్లు పొలాలు చూపించమని ప్రాణం తీస్తారు. పొలాలు వద్దన్నవారు తమరే మొదలు. అయినా కస్టమరు మాట నాకు శిరోధార్యం. పత్తీ మిరపా కంటబడని చోట్లే ఏరాను. మైసూరు దగ్గర మహా పూలతోట, ఆపైన నీలగిరి కొండల మీద తేయాకు తోటలు. పచ్చటి తివాచీ పరిచినట్టుంటాయి. తివాచీ మీద ఎవరికి పని గుర్తొస్తుందమ్మా?

ఆఖరున కన్యాకుమారి. ప్రేమమ్మగారికి నా సలాములు చెప్పండి. వారు కోరిన గట్టు మీద వారిని కూర్చోబెట్టే పూచీ నాది. ఏ ఊళ్లో ఏ లాడ్జీయో కాగితం జతచేశాను. నా ఉత్తరాలు అక్కడికే వస్తాయి. గైడుగా మా మేనల్లుడు జాన్ బాషా వస్తాడు. అతనికి ఆరు భాషల్లో టిఫిను అడగడం వచ్చు.

తమ విధేయుడు
హయాత్

తా.క. వంటవాడు సైదా బహు మంచివాడు. కానీ అతని గరిటె మీద ఇంకొకరి చెయ్యి పడితే కన్నీళ్లు పెట్టుకుంటాడు. తమవారు దయచేసి పొయ్యి దగ్గరకు వెళ్లవద్దు.

*

మైసూరు
12 మే 1986

హయాత్ గారికి కోటిరత్నం వందనాలు.

బస్సు బాగుంది. సీట్లు మెత్తగా ఉన్నాయి. నలుగుతాయని మొదటిరోజు ఎవరూ వెనక్కి ఆనలేదు.

చర్చిలు మాత్రం ఆపించండి. మేము ఒక పాస్టరుగారిని తప్పించుకుని బయల్దేరితే, మీరు దారిలో ఇంకో పాస్టరుగారికి అప్పజెప్పారు. గంటన్నర వాక్యం చెప్పారు, అదీ కన్నడంలో. మధ్యమధ్య ఆమెన్ అన్నచోట మాత్రం మాకు బాగా అర్థమైంది.

సైదా ఏడ్చాడు. మేము గరిటె ముట్టలేదు, ఒట్టు. ఉల్లిపాయలు మాత్రం తరిగాం. అతను ఏడ్చింది మావల్లనో ఉల్లిపాయలవల్లనో తేలలేదు.

రాజుగారి మేడ చూశాం. అందరూ తలలెత్తి పైకప్పు చూస్తుంటే ప్రేమమ్మ నేల చూసింది. ఆమె నడుము అంతవరకే చూడనిస్తుంది. "ఈ గచ్చు మీద కాయలారబోస్తే ఒక్కటి గూడా తెల్లబడి తాలు కాదే! రాజుగారికి ఎవురూ జెప్పలేదా?" అంది. అక్కడున్న జవాను తెలుగు తెలిసినవాడు. నవ్వు ఆపుకోలేక టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రం మీ మహా పూలతోటకు వెళ్లాం. అక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. వేరేవాళ్లు చెప్పేకంటే నేనే రాయడం మంచిది. గేటు దగ్గర విపరీతమైన జనం. మావాళ్లు చెల్లాచెదురవుతుంటే ఒక ఈల వేశాను. చక్కగా వరస కట్టి లోపలికి నడిచారు. నీళ్లు ఎగజిమ్మే చోట దీపాలు వెలుగుతుంటే చూపిద్దామని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. అందరూ బంతిమళ్లలో ఉన్నారు. మనిషికో సాలు పట్టారు. అందరికంటే ముందు ప్రేమమ్మ ఉంది. తుంగా గరికా వేళ్లతో సహా పీకి గట్టు మీద కుప్పలు పెడుతున్నారు. తోటమాలి కేకలేస్తూ వచ్చాడు. "ఇంత కలుపు బెట్టుకుని టిక్కెట్టు దీసుకుంటారా? సిగ్గులేదంటయ్యా?" అని సంతోషకుమారి ఎదురు తిరిగింది. అతను వెళ్లి పెద్దాఫీసరును తీసుకొచ్చాడు. ఆయన వచ్చేసరికి మళ్లు అద్దంలా ఉన్నాయి. మేమెవరి బస్సులో వచ్చామో అడిగి రాసుకుని వెళ్లిపోయారు.

ప్రేమమ్మను గట్టిగానే కోప్పడ్డాను. ఆమె వంగితే వెనకాల అందరూ వంగుతారు. ఆమె నా మెడ వంక చూసి, చేతులకంటిన మట్టి దులుపుకుంది.

ఇట్లు
కోటిరత్నం

తా.క. బోటు షికారు చేశాం. బోటువాడు తెడ్డు వేసే తీరు చూడలేక జయకుమారి లాక్కుని తనే వేసింది. అవతలి ఒడ్డున అతను దిగి ఆమెకు దండం పెట్టాడు. చేయవలసినవి కొట్టేయమన్నది ఇందుకే.

*

గుంటూరు
14 మే 1986
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

శ్రీమతి కోటిరత్నమ్మగారికి,

హయాత్ ఆందోళనతో రాయునది. "ఆడవాళ్లు తోటలో కలుపు తీస్తున్నారు, ఏం చేయాలి" అని జాన్ బాషా టెలిగ్రాం ఇచ్చాడు. చదివి నా రక్తం మరిగింది. నా కస్టమర్ల చేత వెట్టిచాకిరి చేయిస్తారా? ఆ తోట పెద్దాఫీసరుకు నాలుగు పేజీల ఉత్తరం రాసి కవరులో పెట్టాను. అందులో మానవత్వం అన్న మాట పదకొండుసార్లు వాడాను. తమరు అధైర్యపడవద్దు, అవసరమైతే ఢిల్లీ దాకా...

ఇంతవరకు రాశాక ట్రంకాల్ వచ్చింది. ఆ పెద్దాఫీసరే. నేను లేచి నిలబడే మాట్లాడాను. ఆయన కోపంగా లేరు. "అలాంటి యాత్రికులను ఇన్నేళ్లలో చూడలేదు, మళ్లీ ఎప్పుడు పంపుతారు?" అని అడిగారు. అమ్మా, ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. నాలుగు పేజీల ఉత్తరం చించేశాను.

ఒక సరికొత్త టూరు ఆలోచించాను. ఉదయం చూడవలసినవి, సాయంత్రం చేయవలసినవి. ఊరూరా ప్రభుత్వ తోటలున్నాయి, తోటలున్న చోట కలుపుంది. తమ ముఠా ప్రతి ఏడూ ఉచితంగా దేశం చూడవచ్చు. తోటలవారే ఖర్చు పెట్టుకుంటారు. "చూస్తూ చేద్దాం, చేస్తూ చూద్దాం" అని కరపత్రం కూడా రాసేశాను. ముఖచిత్రం మీద ప్రేమమ్మగారు వంగి ఉన్న ఫోటో కావాలి. నిలబడి ఉన్నది వద్దు, సహజంగా ఉండదు.

తమ అంగీకారం టెలిగ్రాం ద్వారా తెలుపగలరు.

తమ విధేయుడు
హయాత్

తా.క. సైదా ఏడుస్తున్నాడా? ఏడుపు ఉప్పు వేసే ముందా, తరువాతా? తరువాతైతే కూర ఉప్పగా ఉంటుంది, గమనించుకోండి.

*

నీలగిరి కొండల నుంచి
17 మే 1986

హయాత్ గారికి,

వందనాలు తరువాత. ముందు మీ తివాచీ సంగతి వినండి.

తేయాకును ఆడవాళ్లు వంగి కోస్తారని మీరు మాకెందుకు చెప్పలేదు? తివాచీ అన్నారు. మేము చెప్పులు విడిచి నడవాలేమో అనుకున్నాం.

బస్సు తోట పక్కన ఆగేసరికి మంచు కమ్మేసింది. పక్క మనిషి కనబడటం లేదు. లోయలో ఎవరైనా పడతారని భయమేసి ఒక ఈల వేశాను. కాసేపటికి మంచు విడిపోయింది. చూస్తే నలభైమందీ మొక్కల సాళ్లలో ఉన్నారు, ఒళ్లో ఆకు నిండుగా ఉంది. ముందు ప్రేమమ్మ. మా ఎదురుగా గేటు దగ్గర వందమంది తమిళ ఆడవాళ్లు ఎర్రజెండా పట్టుకుని మమ్మల్ని చూస్తున్నారు.

వాళ్లు సమ్మెలో ఉన్నారండీ! కూలి పెంచమని వారం రోజులుగా ఆకు ముట్టకుండా కూర్చున్నారు. యజమాని పక్క రాష్ట్రం నుంచి బస్సులో మనుషులను దింపాడనుకున్నారు. బస్సు చుట్టూ మూగారు. మీ జాన్ బాషా ముందుకెళ్లి తమిళంలో ఏదో చెప్పాడు. రెండు కాఫీలు అడిగాడని తరువాత తెలిసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అడగకుండా ఇంకొకళ్ల సాల్లోకి దిగడం మా ముఠాలో ఎన్నడూ లేదు. అందులోనూ సమ్మెలో ఉన్నవాళ్ల సాలు! ఆకంతా తెచ్చి వాళ్ల ముందు పోసి చేతులు జోడించాం. అప్పుడు ప్రేమమ్మ వెళ్లి వాళ్లలో ఒక ముసలామె చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చూసింది, తన వేళ్లు చూపించింది. ఆమెవి నల్లగా పగిలి ఉన్నాయి, ఈమెవి ఎర్రగా. ఆ తరువాత ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. సాయంత్రం దాకా గేటు దగ్గర వాళ్లతోనే కూర్చున్నాం. వాళ్లు తమిళంలో నినాదం చెబితే మేము తెలుగులో అరిచాం. సైదా అందరికీ అన్నం పెట్టాడు. మా పండుమిరపకాయ పచ్చడి తిని వాళ్లూ ఏడ్చారు. సైదా ధైర్యం చెప్పాడు.

లాడ్జికి వస్తే మీ ఉత్తరం. హయాత్ గారూ, మా ఊళ్లో కలుపు లేకనా ఇంత దూరం వచ్చింది? పని కనబడకూడదని మీకు తెలుగులోనే కదా రాశాను? ఇన్నేళ్లు దాచుకున్న కూలి పెట్టి మేము కొనుక్కున్నది ఈ పదిహేను రోజులు. వాటిని కూడా కూలికి పెడతారా? ఆ కరపత్రం అచ్చు వేయించారంటే నలభైమందిమీ గుంటూరొచ్చి మీ ఆఫీసు ముందు కూర్చుంటాం. ఎలా కూర్చోవాలో ఇప్పుడు బాగా తెలిసింది.

ప్రేమమ్మను మళ్లీ కోప్పడ్డాను. "చిన్నపిల్లవా? ఎక్కడ దింపినా వంగుతావేం?" అన్నాను. ఆమె రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇట్లు
కోటిరత్నం

తా.క. సమ్మెను చూడవలసినవాటిలో వేసుకోండి. మావాళ్లకు మేడకంటే అదే నచ్చింది. వంగకుండా కూర్చునే కూలీలను వాళ్లు మొదటిసారి చూశారు.

*

గుంటూరు
20 మే 1986
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

శ్రీమతి కోటిరత్నమ్మగారి పాదపద్మములకు,

హయాత్ క్షమాపణలు. కరపత్రం ప్రెస్సు నుంచి వెనక్కి తెప్పించాను. కాగితం వృథా కాకుండా పకోడీల అంగడికి ఇచ్చాను, రాసిన వైపు లోపలికి మడవమని చెప్పాను.

ఏదో తమిళ పత్రికలో సమ్మె ఫోటో పడిందట. ఎర్రజెండా వెనకాల మన బస్సు, దాని మీద హయాత్ టూర్స్ అన్న అక్షరాలు స్పష్టంగా వచ్చాయట. సంతోషించాలో దాక్కోవాలో తెలియక మధ్యాహ్నం దాకా తలుపు సగం మూసి ఉంచాను.

ఇక అసలు విషయం. జాన్ బాషా చేత విచారణ జరిపించాను. అన్ని సంఘటనలకూ మూలం ప్రేమమ్మగారేనని తేలింది. తమరి ఉత్తరాల్లోనూ అదే ఉంది. ముందు వారు వంగుతారు, వెనక ముఠా వంగుతుంది. వారి మీద నాకు గౌరవమే. కానీ కన్యాకుమారిలో ఇంకేమైనా జరిగితే నా లైసెన్సు ఉండదు. కనుక అక్కడ ప్రేమమ్మగారిని బస్సులోనే ఉంచి, కర్టెన్లు వేసి, మిగతావారిని దింపవలసిందిగా జాన్ బాషాకు ఉత్తర్వు ఇచ్చాను. సముద్రం హోరు కిటికీలోంచి చక్కగా వినబడుతుంది. గట్టు మీద కూర్చోబెడతానని నేనిచ్చిన మాట నాకు గుర్తుంది. బస్సు కూడా గట్టు మీదే ఆపుతారు కాబట్టి మాట తప్పినట్టు కాదని నా మనస్సుకు చెప్పుకుంటున్నాను. అది ఇంకా ఒప్పుకోలేదు.

తమ విధేయుడు
హయాత్

తా.క. అక్కడ పొద్దున్నే జాలరులు వలలు లాగుతారట. తమవారిని అటు తిరిగి కూర్చోనివ్వకండి.

*

కన్యాకుమారి
23 మే 1986

హయాత్ గారికి కోటిరత్నం వందనాలు. అందరం క్షేమం. ఈ ఉత్తరం నేల మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి.

మీ ఉత్తర్వు చదివి సబబే అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. తెల్లవారుజామున బస్సు ఆగగానే ప్రేమమ్మతో చెప్పాను, నువ్వు లోపలే ఉండు, సాయిబుగారి మాట అని. ఆమె సరేనంది. మూట ఒళ్లో పెట్టుకుని కర్టెన్ పక్కన కూర్చుంది. ఇన్నేళ్లూ నేను చెప్పినదానికల్లా సరేనన్నట్టే.

మిగతావాళ్లం దిగాం. సముద్రం చూడగానే మావాళ్లు తలో దిక్కుకు పరుగెత్తారు. అలలు పెద్దవిగా ఉన్నాయి. నేను ఈల నోట్లో పెట్టుకున్నాను.

"ఆగవే కోటిరత్నం!"

కర్టెన్ లాగి ప్రేమమ్మ కిటికీలోంచి అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పరుగెత్తేవాళ్లు కూడా ఆగిపోయారు.

"నేనేడ వొంగానే? నువ్వు ఊదితే వొంగా! పూలతోటలో ఊదావు, వొంగా. మంచులో ఊదావు, వొంగా. అది మోగితే నన్నడక్కండానే నా నడుం వొంగుద్దే. పని కనపడగూడదని సాయిబుగారికి ఉత్తరం రాశావు. పనిని మెళ్లో కట్టుకుని నువ్వే తెచ్చావు గదే తల్లీ! ఊరు దాటినకాడి నుంచి ఒకటే ఈల. రెండో ఈల ఏదీ? గట్టు ఈల ఊదావా ఒక్కసారన్నా?"

 నేను లెక్క చూసుకున్నాను. నిజమే, ఊదలేదు. ఊదాలని తోచలేదు. చెల్లాచెదురు కాకుండా చూడటమే నా పని అనుకున్నాను, వాళ్లు చెల్లాచెదురు కావడానికే ఇంత దూరం వచ్చారని మరిచిపోయాను.

బస్సెక్కి ఆమె చెయ్యి పట్టుకుని దింపాను. జాన్ బాషా అడ్డం రాబోయి, నా ముఖం చూసి, వెళ్లి సైదా వెనకాల నిలబడ్డాడు. రాళ్ల దాకా నడిపించాను. ప్రేమమ్మ చెయ్యి చాపింది. ఈల తీసి ఇచ్చాను. ఆ బోసినోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదింది. మొదటిది సగం గాలే. రెండోది మాత్రం బాగా వచ్చింది.

అది విన్నాక మావాళ్లు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. ఉన్నవాళ్లు ఉన్నచోటే కూలబడ్డారు. నేనూ కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మేస్త్రినయ్యాక ముఠాతో పాటు గట్టు మీద కూర్చోవడం నాకిదే మొదలు. మామూలుగా వాళ్లు కూర్చుంటే, వాళ్లు కోసిన కాయలు నేను చూస్తూ ఉంటాను.

ప్రేమమ్మ నడుము పూర్తిగా లేవలేదు. అది ఇక లేవదు. రాతికి ఆనుకుని, తల ఎత్తగలిగినంత ఎత్తి, నీళ్లు ఎక్కడ అయిపోతాయా అని చాలాసేపు వెతికింది. తరువాత అంది:

"ఎంత చేనే ఇది! ఇంత చేలో ఒక్క కలుపు మొక్క లేదు."

పొద్దెక్కింది. జాలరులు వలలు లాగుతుంటే మావాళ్లు అటు తిరిగే కూర్చున్నారు. "బాగా లాగుతున్నారు" అని సంతోషకుమారి మెచ్చుకుంది. లేవలేదు.

ఇట్లు
ముఠాతో పాటు కూర్చున్న
కోటిరత్నం

తా.క. మీ కాగితంలో కన్యాకుమారి ఎదురుగా చేయవలసినవి అన్నచోట ఏమీ రాయకండి, ఖాళీగా వదిలేయండి.

ఇంకో తా.క. మధ్యాహ్నం వంట ఎవరూ చేయలేదు. సైదా కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఏడవలేదు.

మరో తా.క. ఇన్ని టూర్లు పంపినా మీరు మాత్రం ఆ కుర్చీలోంచి లేచి ఒక్క ఊరూ చూడలేదని జాన్ బాషా చెప్పాడు. వచ్చే మే నెలలో మీకొక సీటు ఉంచుతాం. మగవాళ్లు రాకూడదన్న షరతు మీకు సడలించాం, మీ అన్నం మీరే వడ్డించుకోవాలి. ఇప్పుడు బస్సు ఎప్పుడు కదులుతుందని జాన్ బాషా పొద్దుటి నుంచి నన్ను అడుగుతున్నాడు. నాకేం తెలుసు? ఈల ప్రేమమ్మ దగ్గర ఉంది, ప్రేమమ్మ నిద్రపోతోంది.